పిల్లల నడుమ ఒక వైద్యుడు: డాక్టర్ యానుష్ కోర్చాక్ జీవితము

మన పాఠశాలలను గూర్చి, బోర్డింగులను గూర్చి, వాటిని కట్టించిన దొరలను, దొరసానులను గూర్చి ఈ శతవార్షిక సంచికలో తెలిసిన పెద్దలు వ్రాస్తున్నారు. ఎన్ని గదులు లేచాయి, ఎందరు చదివారు, ఎందరు ఉద్యోగస్థులయ్యారు అన్న వివరములు వారి వ్యాసములలో దొరుకుతాయి. అయితే ఆ గదులలో చాప పరచుకొని పడుకొన్న పిల్లవాని మనస్సులో ఏమి జరిగేదో ఏ రిజిస్టరులోను ఎక్కదు. ఇల్లు విడిచి వచ్చిన మొదటి రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చినవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరికి నాలుగు రోజులు తిరగకముందే ఒక స్నేహితుడు దొరికాడు, నిలదొక్కుకొన్నారు. కొందరికి దొరకలేదు. వారు చదువు మానుకొని ఇంటిముఖము పట్టారు, లేదా అక్కడే ఉండి లోలోపల కుమిలిపోయారు. స్నేహితుడు దొరకడము అదృష్టమునకు విడిచిపెట్టవలసిన సంగతి కాదని గ్రహించి, దానికొక పద్ధతి ఏర్పరచిన మనిషి పోలండు దేశములో ఒకరుండేవారు. లోకము ఆయనను తలచుకొన్నప్పుడు ఆయన మరణమునే ఎక్కువగా తలచుకొంటుంది. నేను ఆయన బ్రతుకును గూర్చి ఎక్కువగా చెప్పదలచాను.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. 1878లోనో 1879లోనో జూలై 22న వార్సా నగరములో ఒక యూదుల ఇంట పుట్టారు. తండ్రి సకాలములో పుట్టుక నమోదు చేయించనందున ఏ సంవత్సరమో ఆయనకే నిశ్చయముగా తెలియదు. (బడిలో వేసిననాడు అయ్యవారు వ్రాసుకొన్న తేదీయే పుట్టినరోజుగా చలామణి అయినవారు మన పెద్దలలోనూ తక్కువ కాదు గనుక దీనికి మనము ఆశ్చర్యపడనక్కరలేదు.) అప్పటికి పోలండు స్వతంత్ర దేశము కాదు. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి యూజెఫ్ పేరుపడిన వకీలు. ఇంట వంటమనిషి, దాసి, పిల్లలను చూచుకొనే ఆమె, అందరూ ఉండేవారు. లేనిదల్లా ఆ పిల్లవానికి తోటివారు.

ఇంటి వెనుక పెద్ద వాకిట పేద పిల్లలు ఆడుకొనేవారు. వారితో కలిస్తే అలవాట్లు చెడిపోతాయని పెద్దలు హెన్రిక్‌ను వెళ్లనిచ్చేవారు కారు. గదిలో కూర్చొని చెక్కముక్కలతో ఆడుకొంటూ కిటికీలోనుండి వారిని చూచేవాడు. ఐదేండ్ల ప్రాయములో అతని పెంపుడు కానరీ పిట్ట చనిపోయింది. దానిని వాకిట పాతిపెట్టి మీద చిన్న కొయ్య సిలువ నిలపాలనుకొన్నాడు. కాపలావాని కొడుకు వచ్చి, ఆ పిట్ట కూడా యూదుల పిట్టే గనుక దానికి సిలువ పనికిరాదని అడ్డుపెట్టాడు. తాను ఇతరులవంటివాడు కాడన్న మాట ఆ చిన్నవానికి మొదట తెలిసింది ఆ విధముగా, తన ఈడు పిల్లవాని నోటనే. ముసలితనములో కూడా ఆయన దానిని మరచిపోలేదు.

బడి అనుభవము మరీ చేదు. మొదట చేర్చిన బడిలో ఒక పిల్లవానిని అందరి ఎదుట బెత్తముతో కొట్టడము చూచి హెన్రిక్ ఎంత జడిసిపోయాడంటే, కొద్ది నెలలకే తల్లిదండ్రులు అతనిని మానిపించవలసి వచ్చింది. తరువాత చేరిన రష్యను ఉన్నత పాఠశాలలో పోలిష్ భాష మాట్లాడడమే నేరము. అంతలో తండ్రికి మతి చలించింది. ఆయనను పలుమార్లు మానసిక వైద్యశాలలో ఉంచవలసి వచ్చింది. ఆస్తి కరిగిపోయింది. 1896లో తండ్రి చనిపోయేనాటికి తల్లి సెసీలియాను, తోబుట్టువును పోషించే భారము చాలవరకు ఈ విద్యార్థి మీదనే పడింది. ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పేవాడు. తండ్రి జబ్బు తనకూ వస్తుందేమోనన్న భయము ఆయనను చాలాకాలము వెంటాడింది. పెండ్లి చేసికోకపోవడమునకు అదియు ఒక కారణము. మనస్సు జబ్బుపడిన ఇంటిలో పిల్లలు ఎట్లా పెరుగుతారో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన అవసరము ఆయనకు కలుగలేదు.

1898లో వైద్య విద్యలో చేరారు. ఆ సంవత్సరమే ఒక నాటక పోటీకి రచన పంపుతూ, ఒక పాత నవలలోని పేరును తన కలముపేరుగా పెట్టుకొన్నారు. యానుష్ కోర్చాక్ అన్న ఆ పేరే చివరకు నిలిచిపోయింది. 1905లో పట్టా పుచ్చుకొని వార్సాలోని యూదుల పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగములో చేరారు. వెంటనే రష్యా-జపాను యుద్ధము ఆయనను సైనిక వైద్యునిగా మంచూరియా వైపు లాగుకొనిపోయింది. తిరిగివచ్చి 1912 వరకు ఆసుపత్రిలోనే పనిచేశారు. ధనికుల ఇండ్లలో మంచి ఫీజులు తీసికొనేవారు, పేదల ఇండ్లకు ఊరకే వెళ్లేవారు. రచయితగా కూడా పేరు వచ్చింది. అయితే ఆసుపత్రిలో బాగుచేసి పంపిన బిడ్డ మళ్లీ అదే ఇరుకు కొంపకు, అదే ఆకలికి, ఎవరికీ అక్కరలేని బ్రతుకుకు తిరిగిపోవడము ఆయనను నిలువనిచ్చేది కాదు.

ఈ లోపల వేసవి శిబిరములు ఆయనకు వేరొక పాఠము నేర్పాయి. 1904 మొదలు కొన్ని వేసవులు పేద పిల్లలను పల్లెకు తీసికొనిపోయే శిబిరములలో పనిచేశారు. పిల్లలను ప్రేమిస్తున్నాను గనుక వారు నా మాట వింటారనుకొని వెళ్లిన యువకుడాయన. రాత్రి పడకల దగ్గర గోల మొదలైంది. అదుపు తప్పింది. ఆయన కోపము పట్టలేక ఒకనిని చెవి పట్టుకొని శిక్షించారు. పిల్లలంతా ఏకమై ఆయన మీద తిరుగుబాటుకు సిద్ధపడ్డారు. అప్పుడు ఆయన వారిని అడవిలోనికి తీసికొనిపోయి, ఏమి చేస్తే బాగుంటుందో వారినే అడిగారు. పిల్లలకు చెప్పడము వేరు, పిల్లలతో మాట్లాడడము వేరని ఆనాడు తెలిసిందని తరువాత వ్రాసికొన్నారు. బోర్డింగులో వార్డెను పని చేసిన ప్రతివారికీ ఈ తేడా తెలిసే ఉంటుంది. తెలిసిన తరువాత మనలో ఎందరము అడవిదాకా వెళ్లాము అన్నది వేరే సంగతి.

1911లో లండను వెళ్లినప్పుడు అక్కడి అనాథాశ్రమమొకటి చూచి, తనకంటూ సంసారము వద్దని నిశ్చయించుకొన్నారు. 1912లో వార్సాలో క్రోఖ్‌మాల్నా వీధి 92వ నంబరులో యూదుల అనాథల కొరకు క్రొత్త భవనము తెరచినప్పుడు ఆసుపత్రి ఉద్యోగము వదలి దానికి అధిపతిగా వచ్చారు. ఆయన పక్కన స్తెఫానియా విల్చిన్‌స్కా అనే విద్యావంతురాలు నిలిచింది. బెల్జియములో ప్రకృతి శాస్త్రములు చదివి వచ్చిన ఆమె, పెండ్లి మాట తలపెట్టక ముప్పది సంవత్సరములు ఆ ఇంటిని నడిపింది. పేరు డాక్టరుగారిది. దువ్వెనలు, జోళ్లు, జ్వరములు, పద్దులు అన్నీ ఆమెవి. మొదటి ప్రపంచ యుద్ధములో ఆయన నాలుగేండ్లు సైన్యములో ఉండగా ఆమె ఒక్కతే పిల్లలను కాపాడింది. ఇట్టి స్త్రీలు మన బోర్డింగులలోనూ ఉన్నారు. వారి ఫొటోలు గోడమీద ఎక్కడో చివర ఉంటాయి.

ఏడు మొదలు పద్నాలుగేండ్ల లోపు పిల్లలు సుమారు నూరుమంది. తెల్లని గోడలు, వేడినీళ్లు, శుభ్రమైన పడకలు. ఇన్ని ఇచ్చాము గనుక పిల్లలు సంతోషిస్తారని ఎవరైనా అనుకొంటారు. మొదటి సంవత్సరమే తన జీవితములో అతి కష్టమైన సంవత్సరమని కోర్చాక్ అనేవారు. మురికి సందులలో తమకు తెలిసిన ముఖముల మధ్య పెరిగిన పిల్లలు ఆ పెద్ద భవనములో తప్పిపోయినట్లయ్యారు. నియమములను ఎదిరించారు. బలమైనవాడు బలహీనుని దోచుకొనేవాడు. క్రొత్తగా వచ్చినవానిని పాతవారు ఏడిపించేవారు. పెద్దవారు నలుగురైదుగురు కాపలా కాచి నూరుమంది పిల్లల మధ్య న్యాయము నిలపడము సాధ్యము కాదని ఆయన తేల్చుకొన్నారు. ఆ న్యాయమును, ఆ తోడును పిల్లల చేతిలోనే పెట్టవలె. ఆ ఇంటిలో పుట్టిన పద్ధతులన్నిటికీ మూలము ఇదే.

వాటిలో నా దృష్టికి మిక్కిలి విలువైనది తోడుపిల్ల ఏర్పాటు. క్రొత్తగా ఒక బిడ్డ ఇంటికి రాగానే, అంతకుముందునుండి ఉంటున్న ఒక పెద్ద పిల్లనో పిల్లవానినో మూడు నెలలు ఆ బిడ్డకు సంరక్షకులుగా నియమించేవారు. పడక ఎక్కడ, గంట కొడితే ఏమి చేయవలె, ఎవరితో జాగ్రత్తగా ఉండవలె, రాత్రి భయమేస్తే ఎవరిని లేపవలె అన్నీ ఈ తోడుపిల్లే నేర్పేది. క్రొత్తబిడ్డ తప్పుచేస్తే జవాబు చెప్పవలసినది కూడా ఆమెయే. ఒక అల్లరి పిల్లవాడు నోటుబుక్కులో తన దుఃఖములు, తన దొంగబుద్ధులు వ్రాస్తే, సంరక్షకురాలైన పన్నెండేండ్ల అమ్మాయి క్రింద జవాబు వ్రాసేది. కోర్చాక్ ఆ నోటుబుక్కులోని భాగములను తన పుస్తకములో అచ్చువేశారు. ఇందులో రెండు మేళ్లున్నాయి. వచ్చిన బిడ్డ ఒంటరి కాదు. అంతకంటె పెద్ద మేలు, నిన్నటివరకు తానే దిక్కులేనిదైన పిల్ల ఈనాడు మరొకరికి దిక్కవుతుంది. నేను ఎవరికో కావలె అన్న తలంపు బిడ్డ మనస్సుకు చేసే బలము ఏ టానిక్కులోనూ లేదు. ఒంటరితనము ప్రాణమునకే కీడని, లోకములో ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని, యౌవనస్థులలో అది మరీ ఎక్కువని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక వెలువరించింది. నివేదికలేవీ లేని రోజులలో ఈ వైద్యుడు దానికి మందు ఇంకొక బిడ్డ రూపములో వ్రాసియిచ్చారు.

రెండవది పిల్లల న్యాయస్థానము. ఎవరైనా తనకు అన్యాయము చేసినట్లు తోచితే, ఆ బిడ్డ గోడమీది పలకమీద తన పేరు, ప్రతివాది పేరు వ్రాసేది. వారమునకొకసారి విచారణ. న్యాయమూర్తులు ఐదుగురు, అందరూ పిల్లలే. ఆ వారములో తమమీద ఏ ఫిర్యాదూ లేనివారిలోనుండి చీట్లు వేసి తీసేవారు. ఉపాధ్యాయుడు వ్రాతపని చేసేవాడే గాని అతనికి ఓటు లేదు. కోర్చాక్ వ్రాసిన చట్టములో నూటతొమ్మిది సెక్షన్లున్నాయి. వాటిలో మొదటి తొంభైతొమ్మిదీ ఏదో ఒక విధముగా క్షమించడానికో, వ్యాజ్యము కొట్టివేయడానికో వ్రాసినవే. చేసినవానికి తెలియక చేశాడు, కోపములో చేశాడు, ఇక చేయనని మాటయిచ్చాడు, ఇట్లా. నూరవ సెక్షనునుండి నూర్లలెక్కన పోయి వెయ్యితో ముగుస్తాయి. నూరుకు తప్పు తప్పేనని ప్రకటించడము. పైవాటికి రానురాను కఠినమైన మాట, ఇంకా పైన తీర్పును ఇంటివారికి తెలియజేయడము. తొమ్మిదివందలు పడినవాడు ఇంటిలో ఉండవలెనంటే ఎవరో ఒకరు ముందుకు వచ్చి అతనికి పూచీ పడవలె. వెయ్యి అంటే బహిష్కరణ. దెబ్బలు, తిండి మాన్పించడము ఏ సెక్షనులోనూ లేవు.

పెద్దలు కూడా ఈ కోర్టుకు లోబడినవారే. ఒక ఆరు నెలలలో తనమీద ఐదు వ్యాజ్యములు పడ్డాయని కోర్చాక్ దాచక చెప్పుకొన్నారు. ఒకని చెవి మెలిపెట్టారని, ఒకనిని గదిలోనుండి గెంటారని, ఒక పిల్లను దొంగతనము విషయములో ఊరకే అనుమానించారని, ఇట్టివి. ఇది వేడుక కొరకు పెట్టినది కాదు. పెద్దవానిని కూడా అడగవచ్చునని తెలిసిన బిడ్డ తన బాధను లోపల దాచుకొని మ్రగ్గిపోదు. చెప్పడానికి ఒక చోటున్నది, విని తీర్పుచెప్పేవారు తనవంటివారే.

అన్నిటినీ మెచ్చుకోవలెనని లేదు. ఒక బిడ్డ చేరిన నెలకు ఒకసారి, సంవత్సరమునకు మరొకసారి తోటిపిల్లలందరు ఆ బిడ్డను గూర్చి ఓటు వేసేవారు. ఇష్టమైతే కూడిక గుర్తు, ఇష్టము లేకపోతే తీసివేత గుర్తు, ఎటూ కాకపోతే సున్న. వచ్చిన లెక్కనుబట్టి ఆ బిడ్డకు ఇంటిలో ఒక అంతస్తు పేరు ఉండేది. తనను ఎందరు వద్దన్నారో అంకెలలో తెలిసికొన్న బిడ్డ గుండె ఏమవుతుందో నేను ఊహించగలను. ఇంత సున్నితమైన మనస్సుగల వైద్యుడు దీనిని ఎట్లా సమ్మతించారో నాకు బోధపడదు. పిల్లలు ఎట్లాగూ ఒకరినొకరు తూచుకొంటూనే ఉంటారు గనుక చాటుగా కంటె బయట మేలు అని ఆయన వాదము కావచ్చు. ఓటులో తగ్గినవాడు మారి, తరువాతి ఓటులో పైకి రావడానికి దారి ఉంచారన్నది కూడా నిజమే. అయినను ఈ ఒక్కటి మన హాస్టళ్లకు తెచ్చుకోవద్దని నా మనవి.

చిన్న చిన్న ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. వాటిని చదువుతుంటే నాకు నవ్వు వస్తుంది, కంట నీరూ వస్తుంది. ప్రతి బిడ్డకు తన సొంత సొరుగు. అందులో గులకరాళ్లు, దారపు ముక్కలు, విరిగిన బొమ్మ ఏమున్నా అది వారి ఆస్తి, ఎవరూ చెత్త అనకూడదు. దొరికిన వస్తువులకు ఒక అద్దాల బీరువా. నోటితో చెప్పలేని మాటలకు ఒక ఉత్తరాల పెట్టె. ఊడిన పాలపండ్లను డాక్టరుగారు డబ్బిచ్చి కొనేవారు. కొట్లాటలు, అబద్ధములు మానదలచిన పిల్లలు ఆయనతో పందెము వేసేవారు. ఈ వారము ఇన్నిసార్లకంటె ఎక్కువ కొట్టుకోనని పిల్లవాడే అంకె చెప్పుకొనేవాడు. ఒక్కసారిగా సున్నకు దిగుతానంటే డాక్టరుగారు ఒప్పుకొనేవారు కారు. నెగ్గితే మిఠాయి. వారమువారము ప్రతి బిడ్డను తానే త్రాసులో తూచి బరువు వ్రాసికొనేవారు. భోజనములైన తరువాత ఎంగిలి పళ్లెములు తీయడానికి తాను కూడా దిగేవారు. బల్లల మధ్య తిరుగుతూంటే ఎవడు తినకుండా వదిలాడో, ఎవడు ఎవని పక్కన కూర్చోవడము మానాడో కంటబడుతుంది గదా.

ఉపాధ్యాయ శిక్షణకు వచ్చినవారికి ఆయన చేసిన ఒక ఉపన్యాసమును గూర్చి తప్పక చెప్పవలె. విద్యార్థులను ఎక్సురే గదికి రమ్మన్నారు. చిన్న బిడ్డనొకనిని చేతపట్టుకొని వచ్చి యంత్రము వెనుక నిలబెట్టి దీపములార్పించారు. తెరమీద ఆ బిడ్డ గుండె దడదడ కొట్టుకోవడము అందరికీ కనిపించింది. చుట్టూ తెలియని మనుష్యులు, చీకటి, యంత్రపు చప్పుడు. మీకు పిల్లలమీద విసుగు పుట్టి చేయెత్తబోయినప్పుడు ఈ గుండెను జ్ఞాపకము చేసికొమ్మని చెప్పి పాఠము ముగించారు. పాఠమంతా అంతే. భయపడిన బిడ్డ మొండిగా కనిపిస్తుంది, అబద్ధమాడినట్లు కనిపిస్తుంది, మందమతిగా కూడా కనిపిస్తుంది. లోపల జరుగుతున్నది మాత్రము ఆ తెరమీద చూచినదే.

యుద్ధకాలములో కీవ్ నగరములో మరీనా ఫాల్‌స్కా అనే మరొక విద్యావేత్తతో పరిచయమై, 1919లో పోలిష్ కార్మికుల అనాథ బిడ్డలకొరకు మన ఇల్లు అనే రెండవ గృహము ఆమెతో కలిసి ఏర్పడింది. ఇక్కడ యూదులు, అక్కడ క్రైస్తవులు. పద్ధతులు మాత్రము ఒకటే. 1920లో ఆయనకు టైఫస్ జ్వరము తగిలింది. పరిచర్య చేసిన తల్లికి అదే సోకి ఆమె చనిపోయింది. ఆ దుఃఖములోనుండి 1922లో ఒక ప్రార్థనల పుస్తకము వచ్చింది. బిడ్డను ఎట్లా ప్రేమించవలె అన్న ఆయన ప్రసిద్ధ గ్రంథము అంతకుముందే యుద్ధశిబిరములలో వ్రాసినది. 1929లో బిడ్డకు గౌరవము పొందే హక్కున్నదని వాదిస్తూ చిన్న పుస్తకము వేశారు. 1924 నాటి జెనీవా ప్రకటన పెద్దలను దయ చూపమని బ్రతిమాలుతున్నదే గాని హక్కు అని అడగడము లేదని ఆయన ఆక్షేపణ. ఆయన పోయిన చాలాకాలమునకు, 1978లో పోలండు దేశమే ఐక్యరాజ్య సమితిలో పిల్లల హక్కుల ఒడంబడికను ప్రతిపాదించింది. 1989లో అది ఆమోదము పొందింది. 1992లో మన దేశము దానిలో చేరింది. బడిలో పిల్లలను కొట్టడమే గాక మనస్సును హింసించడము కూడా కూడదని 2009 నాటి మన విద్యాహక్కు చట్టములో ఒక సెక్షను ఉన్నది.

1926 అక్టోబరులో ఆయన పిల్లల వారపత్రిక ప్రారంభించారు. ఒక దినపత్రికకు అనుబంధముగా వెలువడేది. వ్రాసేది పిల్లలే. దేశమంతటినుండి ఉత్తరములు గుట్టలుగా వచ్చేవి. మాస్టారు అన్యాయముగా కొట్టాడని, నాన్నకు పని పోయిందని, తరగతిలో నాతో ఎవరూ మాట్లాడరని. ఏదో మారుమూల ఊరిలో ఉన్న బిడ్డ తన బాధ అచ్చులో చూచుకొనేది, మరొక ఊరి బిడ్డ దానికి జవాబు వ్రాసేది. 1930 దశాబ్ది మధ్యలో రేడియోలో ముసలి డాక్టరు అన్న పేరుతో పిల్లలతో మాట్లాడేవారు. ఆ గొంతు ఎవరిదో పేరు చెప్పేవారు కారు. యూదులమీద ద్వేషము పెరిగి 1936లో ఆ కార్యక్రమము ఆగిపోయింది. మన ఇల్లుతో సంబంధము కూడా ఆ సంవత్సరమే తెగింది. రెండుసార్లు పాలస్తీనా చూచివచ్చారు, అక్కడ స్థిరపడదామా అని తటపటాయించారు. పిల్లలను విడువలేకపోయారు. పిల్లల పత్రిక చివరి సంచిక తేదీ 1939 సెప్టెంబరు 1. జర్మను సేనలు పోలండులో ప్రవేశించిన దినమదే. పాలస్తీనాలో ఉండిన స్తెఫానియా ఆ యుద్ధమునకు కొద్ది నెలల ముందే పిల్లల దగ్గరకు తిరిగివచ్చేసింది.

1940 నవంబరులో జర్మనులు వార్సా యూదులను ఎత్తైన గోడలోపల బంధించారు. నాలుగు లక్షలకు పైబడినవారు ఆ ఇరుకులో క్రిక్కిరిసిపోయారు. అనాథల గృహము క్రోఖ్‌మాల్నా వీధినుండి గోడలోపలికి మారవలసివచ్చింది. తరలింపునాడు పిల్లల బంగాళాదుంపల బండిని సైనికులు లాగుకొన్నారు. కోర్చాక్ సైనిక యూనిఫారములో వెళ్లి అధికారులను నిలదీశారు. యూదులు చేతికి కట్టవలసిన గుర్తు కట్టనందున ఆయనను కొట్టి జైలులో వేశారు. కొన్ని వారములకు బయటికి వచ్చినప్పుడు మనిషి బాగా క్రుంగిపోయారు. ఆ తరువాత దినచర్య ఒక్కటే: సంచి భుజమున వేసికొని గడపగడపకు తిరిగి, బ్రతిమాలి, తిట్టి, పిల్లలకు గింజలు తేవడము. వీధులలో పిల్లలు ఆకలితో చనిపోతున్న ఆ రోజులలో కూడా ఆ ఇంటిలో పాఠములు జరిగాయి, కోర్టు కూర్చున్నది, త్రాసులో తూకము తప్పలేదు. తూచితే బరువు తగ్గినట్లే కనబడేది. అయినను ఆ క్రమము మానలేదు. బయట ఏ న్యాయమూ లేనప్పుడు లోపలి చిన్న న్యాయమే పిల్లల మతిని నిలిపిందని నేననుకొంటాను.

ఇక్కడ మన దేశపు పేరు ఒకటి ఈ కథలోనికి వస్తుంది. 1942 జూలై 18, శనివారము నాడు ఆ పిల్లలు రవీంద్రనాథ ఠాకూరు వ్రాసిన డాక్ ఘర్ నాటకము ఆడారు. ఎస్తేర్కా వినోగ్రోన్ అనే యువతి వారిచేత ఆడించింది. కథ మనలో చాలమందికి తెలిసినదే. జబ్బుపడిన అమల్ అనే పిల్లవానిని వైద్యుడు గదిలోనుండి కదలనివ్వడు. వాడు కిటికీ దగ్గర కూర్చొని దారిన పోయే పెరుగువానితో, కావలివానితో, పూలమ్మాయితో, ఆడుకొనే పిల్లలతో స్నేహము చేస్తాడు. రాజుగారివద్దనుండి తనకు ఉత్తరము వస్తుందని ఎదురుచూస్తాడు. చివరకు నిద్రలోనికి జారిపోతాడు. ఈ నాటకమే ఎందుకని అడిగినవారికి, మరణమును నెమ్మదితో ఎదుర్కొనడము పిల్లలకు తెలియాలన్న భావము వచ్చేటట్లు ఆయన జవాబు చెప్పారంటారు. అది నిజమే కావచ్చు. కాని కిటికీలోనుండి వాకిటి పిల్లలను చూచిన ఒక చిన్నవానిని పైన మనము చూచాము గదా. ఆ చిన్నవాడే ముసలివాడై, గోడలోపల చిక్కిన తన రెండువందలమంది పిల్లలకు అమల్ కథ ఎంచుకొన్నాడు. రవీంద్రుడు అంతకు దాదాపు సంవత్సరము ముందే కన్నుమూశారు. ఈ ప్రదర్శన సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

నాటకమైన నాలుగు దినములకు, జూలై 22న, వార్సా యూదులను రైలుపెట్టెలలో చంపుడు శిబిరమునకు తరలించడము మొదలైంది. మరునాడు యూదుల మండలి అధ్యక్షుడు చెర్నియాకూవ్, పిల్లలను అప్పగించడానికి చేతులు రాక ప్రాణము తీసికొన్నాడు. ఎస్తేర్కాను వీధిలో పట్టుకొనిపోయారు. కోర్చాక్‌ను తప్పించడానికి గోడ బయటి స్నేహితులు ప్రయత్నించారు. ఆయన దగ్గర పనిచేసిన రచయిత ఇగోర్ నెవెర్లీ మారుపేరుతో కాగితములు సిద్ధపరచుకొని లోపలికి వచ్చి రమ్మన్నాడు. ఆయన వినలేదు. అట్టి సమయములో పిల్లలను విడిచిపోవచ్చునని స్నేహితుడు తలంచినందుకే ఆయన నొచ్చుకొన్నారు.

ఆగస్టు మొదటి వారములో, 5వ తేదీన అని ఎక్కువమంది చెబుతారు, ఉదయము ఫలహారము ముగియకముందే సైనికులు ఆ ఇంటికి వచ్చారు. సుమారు రెండువందలమంది పిల్లలు వరుసలుగా బయలుదేరి, ఎండలో ఘెట్టో వీధులగుండా రైలు ఎక్కే చోటికి నడిచారు. కోర్చాక్, స్తెఫానియా, మిగిలిన సిబ్బంది వారితో నడిచారు. ఆ నడకను గూర్చి తరువాత ఎన్నో కథలు పెరిగాయి. ఒక జర్మను అధికారి ఆయనను గుర్తుపట్టి విడిచిపెడతానన్నాడని, మరొకటని. వాటిని నేను ఇక్కడ ఎక్కించడము లేదు. పిల్లలు చెల్లాచెదరు కాలేదని, ఒకరి చేయి ఒకరు పట్టుకొని కలిసే నడిచారని చూచినవారు చెప్పినది చాలు. రైలు త్రెబ్లింకా చేరింది. వారిలో ఒక్కరూ తిరిగిరాలేదు.

ఆ చివరి మూడు నెలలు రాత్రివేళ ఆయన వ్రాసిన డైరీ ఆగస్టు 4న ఆగిపోయింది. కాగితములు గోడ దాటి నెవెర్లీకి చేరాయి. బియెలానీలోని మన ఇల్లు గోడలో వాటిని పెట్టి ఇటుకలు కట్టివేశారు. 1958లో అచ్చయ్యాయి. త్రెబ్లింకాలో చంపబడినవారి జ్ఞాపకార్థము పదిహేడు వేల రాళ్లు నిలిపారు. చాలవాటిమీద ఊళ్ల పేర్లున్నాయి. మనిషి పేరున్న రాయి ఒక్కటే. దానిమీద యానుష్ కోర్చాక్, పిల్లలు అని చెక్కారు.

యుద్ధమునకు ముందే ఆ ఇల్లు విడిచివెళ్లిన పిల్లలు కొందరు బ్రతికారు. పద్నాలుగేండ్లు నిండగానే బయటికి వచ్చినవారికి అక్కడి న్యాయము బయట ఎక్కడా కనబడక తికమకపడిన మాట నిజము. అయినను వారు ఏ దేశములో ఉన్నా ఒకరినొకరు వెదకిపట్టుకొన్నారు. వారిలో ఇత్సాక్ బెల్ఫర్ అనే చిత్రకారుడు ఏడేండ్ల ప్రాయములో ఆ ఇంటిలో చేరి ఎనిమిదేండ్లు పెరిగినవాడు. తరువాత ఇశ్రాయేలు దేశములో స్థిరపడి, 2021లో చనిపోయేవరకు డాక్టరుగారిని, ఆ పిల్లలను బొమ్మలు గీస్తూనే ఉన్నాడు.